తామర పువ్వు కింద చుక్క: అరుదైన మింట్ మార్కు వెండి నాణేలు సేకరించడం ఎలా

ఐదో జార్జి బొమ్మ ఉన్న వెండి రూపాయి ఒకటి చేతిలోకి తీసుకుని బొరుసు వైపు తిప్పండి. చుట్టూ పూల తీగ, మధ్యలో ఇంగ్లిష్‌లోనూ పారసీ లిపిలోనూ ఒక రూపాయి అన్న మాట, సంవత్సరం కనిపిస్తాయి. తీగ కింది కొసలో తామర పువ్వు ఉంటుంది. ఆ పువ్వు కింద, ఆవగింజలో సగం కూడా లేని చుక్క ఒకటి పైకి లేచి ఉంటే అది బొంబాయి టంకశాలలో కొట్టిన రూపాయి. చుక్క లేకపోతే కలకత్తాది. ఇలా ఏ టంకశాలలో కొట్టారో చెప్పే గుర్తునే మింట్ మార్కు అంటారు.

పాత వెండి రూపాయిలు చాలా ఇళ్ళలో ఉన్నాయి. పూజ గదిలో, వరలక్ష్మీ వ్రతం కలశంలో, అమ్మమ్మ ఇనప్పెట్టెలో ఎక్కడో ఒకటి దొరుకుతుంది. అందరూ చూసేది రాజు బొమ్మ, సంవత్సరం. ఎంత పాతదైతే అంత విలువ అనుకుంటారు. అసలు సంగతి వేరు. 1862 రూపాయి సులభంగా దొరుకుతుంది, 1939 రూపాయి ఒక జీవితకాలం వెతికినా దొరక్కపోవచ్చు. ఏ ఏడాది, ఏ టంకశాల, ఎన్ని కొట్టారు, ఎన్ని కరిగించకుండా మిగిలాయి అన్న నాలుగూ కలిస్తేనే అరుదు అనేది తేలుతుంది. మీరు నేర్చుకోవలసింది ఆ నాలుగూ చదవడమే. బ్రిటిష్ ఇండియా వెండి నాణేలతో అది ఎలా మొదలుపెట్టాలో నేను చేసిన వరసలోనే చెప్తాను.

ముందు ఒక వరస ఎంచుకోండి

అన్నీ ఒకేసారి కొనొద్దు. విక్టోరియా, ఏడో ఎడ్వర్డ్, ఐదో జార్జి, ఆరో జార్జి, ఈ నలుగురి రూపాయిలు, అర్ధరూపాయిలు, పావలాలు, బేడలు (రెండణాల నాణేలు) అన్నీ కలిపితే వందల రకాలు అవుతాయి. కొత్తవాళ్ళకు నేను చెప్పేది ఐదో జార్జి రూపాయి. 1911 నుంచి 1922 వరకు ఏడాదికి బొంబాయి ఒకటి, కలకత్తా ఒకటి అని గళ్ళు గీసుకుంటే సుమారు ఇరవై గళ్ళు వస్తాయి. సగం గళ్ళు తక్కువ ఖర్చుతో నిండుతాయి. మింట్ మార్కు ఒకే చోట, ఒకే రకంగా ఉంటుంది కాబట్టి కన్ను త్వరగా అలవాటు పడుతుంది.

విక్టోరియాతో మొదలుపెట్టినవాళ్ళు మధ్యలో వదిలేయడం చాలాసార్లు చూశాను. రాణి బొమ్మలో రకాలు, బొరుసు పూల తీగలో రకాలు, చుక్కలు, అక్షరాలు అన్నీ ఒక్కసారి మీద పడతాయి. అందం మాత్రం వాటిదే. రెండో ఏడాది వాటి దగ్గరకు వెళ్ళండి.

చేతిలో ఉండాల్సినవి

పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం, కంసాలి కంటికి పెట్టుకునే లాంటిది. గ్రాములో నూరో వంతు దాకా చూపించే చిన్న డిజిటల్ కాటా. వెర్నియర్ కాలిపర్, ప్లాస్టిక్‌దైతే మంచిది, నాణెం గీసుకోదు. పక్క నుంచి వెలుగు పడేలా వంచగలిగే టేబుల్ ల్యాంపు. మెత్తటి గుడ్డ ఒకటి, దాని మీదే నాణెం పెట్టి చూడాలి. ఇంతకు మించి మొదటి ఏడాది ఏమీ అక్కర్లేదు.

నాణేన్ని ఎప్పుడూ అంచులతోనే పట్టుకోండి. బొమ్మ మీద బొటనవేలు ఆనిస్తే చెమట మరక పడుతుంది, అది కొన్ని నెలలకు వేలిముద్రగా నల్లబడి అలాగే ఉండిపోతుంది.

గుర్తులు ఎక్కడ వెతకాలి

ఈస్టిండియా కంపెనీ కాలం నాణేలకు ఇప్పుడు మనం అనుకునే అర్థంలో మింట్ మార్కు లేదు. 1835లో నాలుగో విలియం బొమ్మతో దేశమంతటికీ ఒకే రూపాయి తెచ్చారు. అందులో రాజు మెడ తెగిన చోట చిన్న అక్షరాలు ఉంటాయి. ఆర్.ఎస్. అంటే కలకత్తా టంకశాల అధికారి రాబర్ట్ సాండర్స్, ఎఫ్ అంటే ఫోర్బ్స్. 1840 విక్టోరియా రూపాయిలో రాణి పేరు బొమ్మ చుట్టూ ఆగకుండా సాగేది ఒక రకం, తలకు అటూ ఇటూ విడిపోయేది ఇంకో రకం. దీని బొరుసు మీద ఆకుల దండలో కాయల సంఖ్య కూడా మారుతుంది. ఏ టంకశాలదో తేల్చుకోవడానికి సేకర్తలు ఆ కాయలు లెక్కపెడతారు. ఒకసారి పెన్సిల్‌తో కాగితం మీద దండ గీసుకుని లెక్కపెట్టి చూడండి. కళ్ళతో లెక్కపెడితే ప్రతిసారీ ఒక అంకె వస్తుంది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. అప్పట్లో నాణెం మీది సంవత్సరం ప్రతి ఏడాదీ మార్చేవాళ్ళు కాదు. 1840 అని ఉన్న రూపాయిలు 1862లో కొత్త నాణేలు వచ్చేదాకా అదే తేదీతో వచ్చాయి. 1862 అని ఉన్నవి 1873 దాకా వచ్చాయి. 1874 నుంచే ఏ ఏడాదికి ఆ ఏడాది వేయడం మొదలైంది. మరి 1862 రూపాయి నిజంగా ఎప్పటిదో తెలిసేది ఎలా? బొంబాయి వాళ్ళు చుక్కలు పెట్టారు. సంవత్సరం కింద, కొన్నిటికి మాటల పైభాగంలో కూడా, ఒకటి నుంచి పెరుగుతూ పోయే చుక్కలు. ఆ చుక్కలు గడిచిన ఏళ్ళను చెప్తాయి. అందుకే మామూలు 1862 రూపాయి వీధిలో దొరుకుతుంది కానీ కొన్ని చుక్కల అమరికలు ఏళ్ళు తిరిగినా దొరకవు. ఎవరైనా 1862 రూపాయిలు గుట్టగా అమ్ముతుంటే ఓపిగ్గా కూర్చుని ఒక్కొక్కటీ భూతద్దం కింద పెట్టండి. అమ్మేవాళ్ళలో చాలామంది ఈ చుక్కలు లెక్కపెట్టరు.

1877 నుంచి రాణి బిరుదు క్వీన్ పోయి ఎంప్రెస్ అయింది. ఆ తర్వాతి ఏళ్ళలో బొరుసు కింద, తీగ మొదట్లో ఇంగ్లిష్ బి అక్షరం ఉంటే బొంబాయి, సి ఉంటే కలకత్తా. ఇదే బి ఒక్కోసారి పైకి ఉబ్బి ఉంటుంది, ఒక్కోసారి లోపలికి దిగి ఉంటుంది. ఒకే ఏడాదిలో రెండూ ఉంటే రెండు గళ్ళు వేసుకోవాల్సిందే. వెలుగు ఎదురుగా ఉంటే ఉబ్బిందీ దిగిందీ ఒకేలా కనిపిస్తాయి. ల్యాంపును పక్కకు వంచి నాణేన్ని మెల్లగా తిప్పండి. ఉబ్బిన అక్షరానికి నీడ వెలుగుకు అవతలి వైపు పడుతుంది, దిగిన అక్షరానికి నీడ వెలుగు వచ్చే వైపు అంచునే ఉంటుంది. ఒక్కసారి అర్థమైతే మళ్ళీ పొరపడరు.

ఏడో ఎడ్వర్డ్ రూపాయి మీద రాజుకు కిరీటం ఉండదు. కాబట్టి చూడగానే గుర్తు పట్టొచ్చు. బొంబాయికి బి, కలకత్తాకు గుర్తు లేదు. ఐదో జార్జి నుంచి బొంబాయి చుక్కకు మారింది, కలకత్తాకు ఎడ్వర్డ్ కాలంలో లాగే ఏమీ లేదు. ఆరో జార్జి కాలంలో మూడోది వచ్చి చేరింది. రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా 1943లో లాహోర్‌లో టంకశాల తెరిచారు, దాని గుర్తు ఇంగ్లిష్ ఎల్. దేశ విభజన తర్వాత ఆ టంకశాల పాకిస్తాన్‌కు వెళ్ళింది. మన నాణేల మీద ఎల్ కనిపించేది ఆ కొద్ది ఏళ్ళే. రూపాయి మీదైతే 1944, 1945 మాత్రమే.

గుర్తు లేదంటే కలకత్తా అన్న సూత్రాన్ని గుడ్డిగా నమ్మొద్దు. 1938 రూపాయి చుక్కతోనూ ఉంది, చుక్క లేకుండానూ ఉంది, కేటలాగులు రెంటినీ బొంబాయికే వేస్తాయి. ఇంకో సంగతి, బాగా అరిగిన నాణెం మీద చుక్క అరిగిపోయి ఉండొచ్చు. తామర రేకుల గీతలు స్పష్టంగా ఉండి, కింద చుక్క లేకపోతేనే కలకత్తా అని రాసుకోండి. రేకులే కలిసిపోయి ముద్దగా ఉంటే ఆ గడి ఖాళీగా వదిలేయండి.

ఎందుకు కొరత వచ్చిందో తెలుసుకోండి

ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఏ నాణెం అరుదో జాబితా బట్టీ పట్టడం కన్నా ఎందుకు అరుదో తెలిస్తే, ఎదురుగా వచ్చిన నాణెం దానంతట అదే పలుకుతుంది.

1893 దాకా ఎవరైనా వెండి తీసుకెళ్ళి టంకశాలలో ఇచ్చి రూపాయిలుగా కొట్టించుకోవచ్చు. ప్రపంచంలో వెండి ధర పడిపోతూ ఉండడంతో ఆ ఏడాది జూన్‌లో ప్రభుత్వం ఆ అవకాశం మూసేసింది. దాంతో 1894 తర్వాత కొన్నేళ్ళు రూపాయిల ముద్రణ బాగా తగ్గింది, 1900లో మళ్ళీ పుంజుకుంది. 1890ల చివరి సగం రూపాయి కనిపిస్తే ఆగండి, కింద అక్షరం చూడండి.

1911 కథ చాలామంది విన్నదే. కొత్త రాజు అంగీ మీద గొలుసులో చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. తొండం, కాళ్ళు పొట్టిగా చెక్కడంతో అది పందిలా ఉందని గోల మొదలైంది, ముఖ్యంగా ముస్లింలు తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. కొట్టినవి సుమారు 94 లక్షలు. బయటకు వెళ్ళినవి 7 లక్షలు. మిగిలినవి ఆపేసి కరిగించారు. 1912లో ఏనుగును సరిచేశారు. అందుకే 1911 రూపాయిని పంది రూపాయి అంటారు. బొంబాయి, కలకత్తా రెండిటివీ ఉన్నాయి.

దీనికి పూర్తి వ్యతిరేకం 1918, 1919, 1920. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో ఇక్కడ కాగితం నోటు ఇచ్చి వెండి రూపాయి అడిగే జనం పెరిగిపోయారు, ఇవ్వడానికి వెండి లేదు. 1918లో అమెరికా ఒక చట్టం చేసి తన వెండి డాలర్లను 27 కోట్ల దాకా కరిగించింది. అందులో ఎక్కువ భాగం ఇండియా కోసమే. ఆ డాలర్ల వెండి మన టంకశాలల్లో రూపాయిలుగా మారింది. మీ ఇంట్లో 1918 రూపాయి ఉంటే అందులో ఒకప్పటి డాలర్ వెండి ఉండే అవకాశం ఎక్కువ. అరుదు కాదు, అయినా నేను మా అమ్మమ్మ ఇచ్చిన 1918ని మాత్రం ఎవరికీ ఇవ్వను.

వెండి అలా పొంగి వచ్చాక 1921, 1922లో రూపాయి కొట్టింది బొంబాయి ఒక్కటే, అదీ తక్కువ. కలకత్తా గడి ఆ రెండేళ్ళకు ఉండదు. ఎవరైనా చుక్క లేని 1922 చూపిస్తే అది అరిగిందో, ఎవరో గీకేశారో చూడాలి.

1938, 1939లో ఆరో జార్జి బొమ్మతో పాత ప్రమాణంలోనే, అంటే 91.7 శాతం వెండితో రూపాయిలు కొట్టారు. 1939వి బయట కనిపించేవి చాలా తక్కువ. 1940 నుంచి వెండి సగానికి దిగింది: 50 శాతం వెండి, 40 శాతం రాగి, 5 నికెల్, 5 జింకు. దొంగ రూపాయిలు ఆపడానికి అంచు కూడా మార్చారు, గీతల మధ్య గాడి తీసి అందులో నగిషీ పెట్టారు.

ఆ తర్వాత జరిగింది పెద్ద కరిగింపు. విక్టోరియా రూపాయిలు 1941లో, ఎడ్వర్డ్‌వి 1942లో, జార్జిల పాత ప్రమాణం రూపాయిలు 1943లో చెలామణి నుంచి తీసేశారు. బ్యాంకులకు, ట్రెజరీలకు చేరినవన్నీ మూసలోకి పోయాయి. అందుకే ఎన్ని కొట్టారు అన్న అంకె ఒక్కటే చూసి మోసపోకండి. లక్షల్లో కొట్టిన రకం కూడా మన చేతికి పదుల్లోనే మిగిలి ఉండొచ్చు. మిగిలినవి ఎవరో కుండలో పాతిపెట్టినవి, మెడలో వేసుకున్నవి, పూజలో పెట్టినవి.

తూచండి, నీళ్ళలో వేలాడదీయండి

రూపాయి బరువు 11.66 గ్రాములు. ఒకప్పుడు మన ఇళ్ళలో బంగారానికి చెప్పిన తులం ఇదే, పాత రూపాయి ఎత్తు. అర్ధరూపాయి 5.83, పావలా 2.92, బేడ 1.46 గ్రాములు. రూపాయి అడ్డుకొలత 30.5 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అరుగుదలకు కొంత తగ్గుతుంది. 11.4 ఉంటే అరిగిన నాణెం అనుకోవచ్చు. బొమ్మ పదునుగా ఉండి బరువు 10.8 ఉంటే పక్కన పెట్టేయండి.

బరువు ఒక్కటే చాలదు, దొంగ నాణేలు చేసేవాళ్ళు దాన్ని సరిచూసుకుంటారు. సాంద్రత చూడండి. గ్లాసులో నీళ్ళు పోసి కాటా మీద పెట్టండి, అంకెను సున్నా చేయండి. సన్నటి దారంతో నాణేన్ని కట్టి నీళ్ళలో పూర్తిగా మునిగేలా, అడుగుకూ గోడకూ తగలకుండా పట్టుకోండి. బుడగలు అంటుకుంటే దారం మెల్లగా కదిపి వదిలించండి. ఇప్పుడు కాటా చూపించే అంకె నాణెం ఎంత నీటిని తోసేసిందో చెప్తుంది. నాణెం బరువును దానితో భాగించండి. పాత ప్రమాణం రూపాయికి కాటా 1.13 దగ్గర చూపిస్తుంది, 11.66ను 1.13తో భాగిస్తే 10.3. సగం వెండి రూపాయికి 1.22 దగ్గర చూపిస్తుంది, ఫలితం 9.5 దగ్గర. 8.9 వచ్చిందంటే రాగి, నికెల్ లాంటిదేదో. తర్వాత నాణేన్ని నూలు గుడ్డ మీద పెట్టి అద్దండి, రుద్దొద్దు.

అయస్కాంతం కూడా జేబులో ఉండనివ్వండి. వెండికి అంటదు. 1947 రూపాయి నికెల్‌ది కాబట్టి అంటుతుంది, దాన్ని వెండి అని అమ్మేవాళ్ళూ ఉన్నారు. పాతకాలం షరాబులు రాతి మీద మోగించి చూసేవాళ్ళు. మంచి వెండి ఖంగున మోగి కాసేపు నిలుస్తుంది. కానీ పదును చెడని నాణేన్ని మీరు ఎత్తి కింద వేయకండి.

దొంగ గుర్తులు, మార్చిన అంకెలు

నా మొదటి 1939 రూపాయి ఒక ఆదివారం సంతలో కొన్నాను. బరువు సరిపోయింది, వెండి సరిపోయింది, అంచు సరిపోయింది. ఇంటికొచ్చి రాత్రి ల్యాంపు కింద పెట్టి చూస్తే చివరి 9 లోపల ఏదో తేడా. నిజమైన 9 తోక ఒకే ఒంపులో తేలికగా దిగుతుంది. నా నాణెం మీద ఆ తోక 8 కింది సున్నాకు కుడి సగంలా గుండ్రంగా ఉంది. ఎడమ సగం ఉండాల్సిన చోట సన్నటి గీతలు, ఒకే దిక్కుకు, నాణెం నేల, అంటే బొమ్మా అక్షరాలూ లేని చదును భాగం, గోటితో గీరినంత దిగిపోయి ఉంది. 1938ని గీకి 1939 చేశారు. నాణెం అసలుదే, అందుకే అన్ని పరీక్షలూ నెగ్గింది. ఆ రోజు నుంచి డబ్బు ఇవ్వడానికి ముందే అంకె చూస్తాను, తర్వాతే మిగతావి.

మీరూ అలాగే చేయండి. అరుదైనదని చెప్పిన నాణెం మీద అది ఏ ఒక్క గుర్తు వల్ల అరుదయిందో ఆ గుర్తు దగ్గరే ముందు అనుమానించాలి. డైలో, అంటే నాణెం కొట్టే అచ్చులో, ఉన్న చుక్క నాణెం నేల నుంచే మెత్తగా పైకి లేస్తుంది, రంగు ఒకటే, దాని మొదట్లో మురికి సహజంగా చేరి ఉంటుంది. అతికించిన చుక్క చుట్టూ సన్నటి గాడి, లేదా టంకం పారిన మెరుపు కనిపిస్తుంది. చుక్క తీసేసిన చోట నేల కొంచెం పల్లంగా, చుట్టుపక్కల కన్నా తెల్లగా ఉంటుంది. పోత పోసిన దొంగ నాణేనికైతే అక్షరాల మూలలు గుండ్రబడి, నేల మీద సూదిమొన రంధ్రాలు, చిన్న పొక్కులు ఉంటాయి. అంచు మీద రెండు సగాలు కలిసిన గీత వేలికి తగులుతుంది.

1911 అని చెప్పినప్పుడు అంకెతో పాటు ఏనుగును చూడండి. 1914నో 1917నో మార్చి 1911 చేస్తే అంగీ మీది ఏనుగు పొడుగు తొండంతో దొరికిపోతుంది. ఏనుగును ఎవరూ మార్చలేరు.

నగల్లో వాడినవి ఇంకో రకం సమస్య. లంబాడీ నగల్లో, కాసుల పేరుల్లో వెండి నాణేలు కుట్టుకునేవాళ్ళు, కొక్కెం అతికించేవాళ్ళు. ఆ కొక్కెం తీసి సానబెట్టి అమ్ముతారు. బొమ్మ పైన పన్నెండు గంటల చోట అంచు గీతలు పోయి నున్నగా ఉందేమో చూడండి. షరాబు ముద్రలు, అంటే చిన్న గుచ్చు గుర్తులు ఉన్నవి దొంగవి కావు, కానీ వాటికి ధర తగ్గుతుంది. చాలా అరుదైన గడి అయితే అలాంటివి కూడా నేను తీసుకుంటాను.

కొనేటప్పుడు

ముందుగా వెండి విలువ లెక్కేసుకోండి. పాత ప్రమాణం రూపాయిలో 10.69 గ్రాముల శుద్ధ వెండి, సగం వెండి రూపాయిలో 5.83 గ్రాములు. ఆ రోజు గ్రాము ధరతో హెచ్చిస్తే కనీస విలువ వస్తుంది. మామూలు సంవత్సరాలకు దాని మీద కొంచెమే ఎక్కువ పెట్టాలి. అరుదైనవాటికి ఆ లెక్క పనికిరాదు. మూడు నాలుగు నాణేల వేలంపాటల్లో ఏ రకం ఎంతకు పోయిందో రాసుకుంటూ పోతే ఆరు నెలల్లో మీకే ఒక అంచనా వస్తుంది. వేలంలో పాడిన ధర మీద కమిషన్, జీఎస్టీ కలుస్తాయని మర్చిపోవద్దు.

నాణేల ప్రదర్శనలకు వెళ్ళండి. హైదరాబాద్ లాంటి ఊళ్ళలో జరుగుతుంటాయి. మధ్యాహ్నం రద్దీలో కాకుండా పొద్దున్నే వెళ్ళి, "అన్నా, ఐదో జార్జి రూపాయిలు సంవత్సరాల వారీగా విడదీయనివి ఏమైనా ఉన్నాయా, కూర్చుని చూసుకుంటా" అని అడగండి. విడిగా కవర్లలో పెట్టినవాటిని ఆయన అప్పటికే చూసి ధర కట్టి ఉంటాడు. డబ్బాలో కలిపి పోసినవాటిలోనే మీ చుక్కలకు అవకాశం. దొరికితే ముఖంలో తేడా రానివ్వకుండా ధర అడగడం తప్పేమీ కాదు. కానీ పూజ గదిలోంచి తెచ్చి విలువ తెలియక అమ్ముకుంటున్న ముసలావిడ దగ్గర అలా చేయకండి. ఆమెకు ఉన్నమాట చెప్పి, న్యాయమైన ధర ఇచ్చి కొనండి.

ఫోన్‌లో వచ్చే ప్రకటనలను నమ్మొద్దు. పాత నాణేనికి లక్షలు ఇస్తామని, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమని అడిగేది మోసం. తమ పేరు వాడుకుని ఇలా డబ్బు గుంజుతున్నారని రిజర్వ్ బ్యాంక్ 2021లోనే ప్రజలను హెచ్చరించింది.

చట్టం సంగతి రెండు ముక్కలు. వందేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందకు వస్తుంది, దాన్ని మీరు దేశం దాటించకూడదు, విదేశంలో ఉన్న అల్లుడికి పార్సిల్ కూడా చేయకూడదు. పొలం దున్నుతుంటే నాణేల బిందె దొరికితే, దాని విలువ పది రూపాయలు మించితే, 1878 నాటి నిధి చట్టం ప్రకారం కలెక్టర్‌కు తెలపాలి. అలాంటి బిందెలోవని చెప్పి అమ్మితే కొనకండి.

కడగొద్దు

మా అమ్మ పండక్కి ముందు వెండి సామానంతా చింతపండుతో తోమి, విభూతితో రుద్ది తళతళలాడించేది. ఆ సామానుతో పాటు ఒకసారి మా తాతగారి విక్టోరియా రూపాయి కూడా వెళ్ళింది. తళతళలాడుతూ తిరిగి వచ్చింది. రాణి చెంప మీద, కిరీటం రాళ్ళ మీద సన్నటి గీతలు, ఆ గీతలు ఇప్పటికీ వెలుగులో కనిపిస్తాయి. వందేళ్ళుగా పట్టిన నల్లటి, నీలి రంగు పొర పోయింది. అమ్మ ప్రేమగానే చేసింది, తప్పు ఆమెది కాదు, నేను ముందే చెప్పి ఉండాల్సింది.

వెండి మీద నలుపు గాలిలోని గంధకం వల్ల వస్తుంది. అది సమంగా పట్టిన నాణేన్ని సేకర్తలు ఇంకా ఇష్టపడతారు. సబ్బు పొడి, నిమ్మకాయ, టూత్‌పేస్ట్, నగల పాలిష్ ఏవీ తగలనివ్వకండి. మట్టి గడ్డకట్టి ఉంటే శుద్ధి చేసిన నీళ్ళలో ఒక రోజు నానబెట్టి, తీసి అద్దండి, అంతే.

దాచేటప్పుడు మెత్తగా సాగే పీవీసీ కవర్లు వాడొద్దు. కొన్నేళ్ళకు వాటిలోంచి జిగటగా ఆకుపచ్చటి పదార్థం దిగి నాణేన్ని తినేస్తుంది. అట్టముక్కల మధ్య పారదర్శక మైలార్ కిటికీ ఉండే హోల్డర్లు తీసుకోండి. పిన్ను కొట్టినప్పుడు దాని కొసలు నొక్కి చదును చేయండి, లేకపోతే పక్క నాణేన్ని గీస్తాయి. రబ్బరు బ్యాండ్లు, వార్తాపత్రిక ముక్కలు నాణేలకు దగ్గరగా పెట్టొద్దు. సముద్రం దగ్గర ఉండేవాళ్ళు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి మూడు నెలలకోసారి మార్చుకోవాలి.

నోట్‌బుక్

ప్రతి నాణేనికి ఒక వరస రాసుకోండి: సంవత్సరం, టంకశాల, గుర్తు పైకి ఉందా లోపలికి ఉందా, బరువు, నీటి అంకె, లోపాలు, ఎంతకు కొన్నారు, ఎప్పుడు, ఎక్కడ. ఫొటో తీస్తే నేరుగా పైనుంచి ఒకటి, పక్క వెలుగులో గుర్తు దగ్గర ఒకటి. ఒకే రకం రెండు వస్తే మంచిది ఉంచుకుని రెండోది మార్పిడికి పెట్టండి. నా గళ్ళలో సగానికి పైగా ఇలా మార్పిడితోనే నిండాయి.

ఇప్పుడు నా ఐదో జార్జి పేజీలో ఒకే ఒక్క గడి ఖాళీ, 1911 కలకత్తాది. మొన్నటి ప్రదర్శనలో ఒకటి చూశాను. అంకె సరిగానే ఉంది, ఏనుగు పొట్టిగానే ఉంది, కానీ తామర రేకులు అరిగి ముద్దయ్యాయి, కింద చుక్క ఉండేదో లేదో చెప్పలేం. దాన్ని గుడ్డ మీద తిరిగి పెట్టి అన్నకు నమస్కారం చెప్పి లేచాను. వచ్చే నెల ఇంకో ఊళ్ళో ప్రదర్శన ఉంది, పొద్దున్నే బయల్దేరతాను.